కోత చిన్నదైతే కంటికి సుఖమేనా?

ప్రశ్న: మాది అచ్చంపేట దగ్గర పల్లె. మా అత్తమ్మకు 67 ఏండ్లు, షుగర్ ఉంది. ఆరేండ్ల కింద క్యాంపులో ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. చూపు బాగానే వచ్చింది కానీ నెల రోజులు కంట్లో ఇసుక పోసినట్టు గరగర అని గోస పడింది. అప్పటి నుంచి కుడి కంటి మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతుంది. కంటి వెలుగులో కూడా చెప్పారు, వినలేదు. ఇప్పుడు ఆ కంటి ముందు వేళ్ళు ఆడిస్తే నీడ కదిలినట్టు తెలుస్తుందంతే. మహబూబ్‌నగర్‌లో ఒక డాక్టర్ చూసి, ‘శుక్లం బాగా ముదిరింది, నల్లగుడ్డు కూడా కొంచెం బలహీనంగా ఉంది, మామూలు పద్ధతిలో చేస్తే మంచిది’ అన్నారు. హైదరాబాద్‌లో ఉండే మా మరిది మాత్రం ‘ఇంకా ఆ పాత ఆపరేషన్ ఏంది వదినా, లేజర్ చేయిద్దాం, పైసలు నేను పెడతా’ అంటున్నాడు. మా పక్కింటామె మొన్న లేజరే చేయించుకుంది. పట్టీ విప్పితే అంతా పొగ. మనుషులను గుర్తుపట్టడానికి పది రోజులు పట్టింది. అది చూసి అత్తమ్మ ఏదీ వద్దంటోంది. ఏ పద్ధతిలో నల్లగుడ్డుకు దెబ్బ తగలదు? దేంట్లో బాధ తక్కువ? పత్తి ఏరడం అయ్యేదాకా ఆగొచ్చా?
– ఒక కోడలు, నాగర్‌కర్నూల్ జిల్లా

సమాధానం: అమ్మా, మీ మరిదిది మంచి మనసే. కాకపోతే ఆయన పైసలు పెడతానంటున్న ‘లేజర్’ అసలు లేజర్ కాదు. మన ఊళ్ళలో కుట్లు లేని ప్రతి కంటి ఆపరేషన్‌కూ ఆ పేరు అతుక్కుపోయింది. ఆయన చెబుతున్నది ఫేకో. అందులో వాడేది వెలుతురు కాదు, అల్ట్రాసౌండ్. సన్నటి బోలు సూది సెకనుకు దాదాపు 40 వేల సార్లు వణుకుతూ శుక్లాన్ని పొడి చేస్తుంది, ఆ పొడిని అదే సూది లోపలికి పీల్చుకుంటుంది. 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ అనే డాక్టర్ మొదలుపెట్టాడు. పళ్ళ డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు గార తీసే యంత్రాన్ని చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చిందట. నిజంగా లేజర్‌తో మొదలయ్యే ఆపరేషన్ కూడా ఒకటి పెద్ద నగరాల్లో ఉంది. అందులోనూ లేజర్ కోత పెట్టి, శుక్లాన్ని కొంత ముక్కలు చేస్తుందంతే, మిగతా పని మళ్ళీ ఫేకో సూదిదే. ఫ్రాన్స్, బ్రిటన్‌లలో దాన్ని మామూలు ఫేకోతో పోల్చి చూసిన పెద్ద అధ్యయనాలు 2020లో వచ్చాయి. చూపులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాబట్టి ఆ ఖర్చు గురించి మీరు ఆలోచించాల్సిన పని లేదు.

ఇక మీ డాక్టర్ ‘మామూలు పద్ధతి’ అన్నది కూడా మీ మరిది అనుకుంటున్న పాత ఆపరేషన్ కాదు. పాత పద్ధతిలో 10, 12 మిల్లీమీటర్ల కోత పెట్టి, వెంట్రుక కంటే సన్నటి దారంతో కుట్లు వేసేవాళ్ళు. నేను చదువుకునే రోజుల్లో ఆ కుట్లు వేయడం నేర్చుకోవడానికే నెలలు పట్టేది, ఒక్క కుట్టు బిగువెక్కువైనా చూపు వంకరపోయేది. ఇప్పుడు చేసే దాన్ని డాక్టర్లు ఎస్ఐసీఎస్ అంటారు, చిన్న కోతతో శుక్లం తీయడం అని అర్థం. తెల్లగుడ్డులో 6 నుంచి 7 మిల్లీమీటర్ల కోత పెట్టి, అక్కడి నుంచి కంటి లోపలికి ఏటవాలుగా చిన్న సొరంగంలా దారి చేస్తారు. శుక్లాన్ని గింజలా మొత్తంగా బయటికి తీస్తారు. కంటి లోపలి ఒత్తిడికి ఆ సొరంగం దానంతట అదే మూసుకుంటుంది, అందుకే ఇందులోనూ కుట్లు ఉండవు. మీ అత్తమ్మ ఎడమ కంటికి జరిగింది బహుశా ఇదే. ఫేకోలో కోత 2 నుంచి 3 మిల్లీమీటర్ల లోపే.

కోత చిన్నదంటే కంటికి దెబ్బ కూడా చిన్నదే అనిపిస్తుంది. బయటి నుంచి చూస్తే అంతే. కానీ మీరు అడిగింది నల్లగుడ్డు గురించి. దాని కష్టం బయట లేదు, లోపలి వైపు ఉంది.

మనం నల్లగుడ్డు అనే చోట పైన ఉండేది నల్లది కాదు, అద్దంలాంటి పొర. కార్నియా అంటారు. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరు. దాని లోపలి గోడకు ఒకే ఒక్క వరుసలో కణాలు పరిచి ఉంటాయి. వాటి పని ఏమిటో మోటర్లతో నీళ్ళు ఎత్తిపోసే కల్వకుర్తి లిఫ్టు చూసినవాళ్ళకు సులువుగా అర్థమవుతుంది. కంటి లోపలి నీరు ఎప్పుడూ కార్నియాలోకి ఊరుతూనే ఉంటుంది. ఈ కణాలు మోటర్లలా రాత్రింబవళ్ళు ఆ నీటిని వెనక్కి తోడిపోస్తూ ఉంటాయి. అందువల్లే కార్నియా అద్దంలా ఉంటుంది. మోటర్లు ఆగితే నీరు నిలుస్తుంది, కార్నియా ఉబ్బుతుంది, చూపు పొగబారుతుంది. వయసులో ఉన్నప్పుడు ఈ కణాలు ఒక చదరపు మిల్లీమీటరుకు దాదాపు 3 వేలు ఉంటాయి. అరవై దాటేసరికి 2500, 2 వేలకు తగ్గుతాయి. ఏ 500 దగ్గరికో పడిపోతే కార్నియా ఇక తేరుకోదు, కార్నియా మార్పిడి దాకా పోవాల్సి వస్తుంది. చచ్చిన కణం స్థానంలో కొత్తది పుట్టదు. పక్కనున్నవే కొంచెం సాగి ఆ ఖాళీని కప్పుతాయి. అంటే ఇది ఖర్చే తప్ప జమ లేని ఖాతా.

ఏ పద్ధతిలో చేసినా శుక్లం ఆపరేషన్ ఈ ఖాతాలోంచి కొంత తీసుకుంటుంది. ఎంత తీసుకుంటుందన్నది పద్ధతి పేరును బట్టి కాదు, ముఖ్యంగా శుక్లం ఎంత గట్టిపడిందన్న దాన్ని బట్టి ఉంటుంది. తాటి ముంజను గుర్తుచేసుకోండి. లేతగా ఉంటే బొటనవేలు పెడితే వచ్చేస్తుంది. ముదిరితే కత్తి పట్టాలి, బలం పెట్టాలి. శుక్లమూ అంతే. లేతదైతే ఫేకో సూది కాసేపట్లో పీల్చేస్తుంది, కార్నియాకు తెలియను కూడా తెలియదు. ముదిరి చింతగింజ రంగుకు వచ్చిందనుకోండి, సూది చాలాసేపు వణకాలి, వేడి పుడుతుంది, లీటర్ల లెక్కన కాకపోయినా నీరు చాలా పారాలి, గట్టి ముక్కలు లోపల గింగిరాలు తిరుగుతూ ఆ మోటర్ల వరుసకు తగులుతుంటాయి. అదే ఎస్ఐసీఎస్‌లో గింజను విరగ్గొట్టే పని లేదు. కాకపోతే అది బయటికి వచ్చేటప్పుడు కార్నియా వెనక నుంచే రావాలి. చెయ్యి సరిగ్గా లేకపోతే అక్కడ రాసుకుపోతుంది. అలా రాసుకోకుండా ఉండడానికి రెండు పద్ధతుల్లోనూ జిగురులాంటి చిక్కటి ద్రవం నింపుతారు. ఆపరేషన్లో కార్నియాను కాపాడేది ఎక్కువగా ఆ జిగురే. 40 ఏండ్ల కిందటి డాక్టర్లకు అది సరిగ్గా అందుబాటులో లేదు.

నేపాల్‌లో 108 మంది ముదిరిన శుక్లాల వాళ్ళను తీసుకుని సగం మందికి ఫేకో, సగం మందికి ఎస్ఐసీఎస్ చేశారు. రెండూ చేయి తిరిగిన డాక్టర్లే చేశారు. 2007లో ఆ ఫలితాలు వచ్చాయి. ఆరు నెలలకు రెండు గుంపుల చూపూ బాగానే ఉంది, తేడా లేదనే చెప్పాలి. మర్నాడు కార్నియా ఉబ్బు మాత్రం ఎస్ఐసీఎస్ వాళ్ళలోనే తక్కువగా ఉంది. సమయం, ఖర్చు కూడా దాంట్లోనే తక్కువ. మన దేశంలో జరిగిన పోలికల్లోనూ కణాల నష్టం రెండింటిలో దగ్గర దగ్గరగానే తేలింది. ఇది చదివి ఫేకో పనికిరాదనుకోకండి. శుక్లం లేతగా ఉన్న కంటికి నన్నడిగితే ఫేకోనే చేయిస్తాను. కోత చిన్నది కాబట్టి నల్లగుడ్డు వంపు పెద్దగా మారదు, కాబట్టి తర్వాత అద్దాల్లో సిలిండర్ నంబరు (ఆ వంపు తేడాను సరిచేసే పవర్) తక్కువ వస్తుంది, మనిషి తొందరగా పనిలో పడతాడు. మీ అత్తమ్మ నాలుగేండ్ల కింద వచ్చి ఉంటే మీ మరిది మాటే ఖాయం చేసేవాడిని. ఇప్పుడు ఆ కంట్లో ఉన్నది వేరు. వేళ్ళు కూడా లెక్కపెట్టలేని శుక్లం, పైగా షుగర్, పైగా కార్నియా బలహీనంగా ఉందని చూసిన డాక్టరే చెబుతున్నారు. అలాంటి కంటికి ఆయన చెప్పిన పద్ధతే నాకూ సరైనదనిపిస్తోంది. డబ్బులు తక్కువని చెప్పిన మాట కాదది.

అయినా ఒకసారి వెళ్ళి అడగండి, నల్లగుడ్డు కణాలను లెక్కపెట్టారా అని. స్పెక్యులర్ పరీక్ష అంటారు, కంటికి ఏదీ తగలకుండా ఫొటో తీసినట్టు ఉంటుంది, రెండు నిమిషాల పని. అది లేని చోట కూడా అనుభవమున్న డాక్టర్ స్లిట్‌ల్యాంప్‌లో (గడ్డం ఆనించి కూర్చోబెట్టి కన్ను చూసే యంత్రం) చూసి కొంత చెప్పగలరు. అత్తమ్మను కూడా ఒక మాట అడగండి: కుడి కంట్లో ఇంత మసక రాకముందు, పొద్దున్న లేవగానే చూపు మబ్బుగా ఉండి మధ్యాహ్నానికి తేటపడేదా? ఎడమ కంటికి ఇప్పుడు అలా ఉందా? రాత్రంతా రెప్ప మూసి ఉంటే నీరు ఆరదు, మోటర్లు బలహీనమైతే ఆ తేడా పొద్దున్నే తెలుస్తుంది. అలా ఉంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో చూపించినా, హైదరాబాద్ మెహిదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి వెళ్ళినా ఈ ప్రశ్నలు పనికొస్తాయి. ఇంకొకటి కూడా అడగాలి, కాస్త మొహమాటంగా ఉంటుంది: ఇంత ముదిరిన శుక్లాలు మీరు ఏ పద్ధతిలో ఎక్కువగా చేస్తారు? రెండూ వచ్చిన డాక్టర్ ఈ ప్రశ్నకు నొచ్చుకోరు. డాక్టర్ చేతికి అలవాటైన పద్ధతిలో చేయించుకోవడమే కంటికి మేలు.

మీ పక్కింటామె సంగతి. పట్టీ విప్పగానే పొగ కనబడిందన్నారు, పది రోజులకు తేటపడిందన్నారు. చూడకుండా ఖాయంగా చెప్పలేను కానీ ఆ తీరు చూస్తే కార్నియా ఉబ్బి తగ్గినట్టే ఉంది. ఆపరేషన్ దెబ్బకు మోటర్లు కొన్ని రోజులు సొమ్మసిల్లాయి, మళ్ళీ పనిలో పడ్డాయి. ఆమె ఆపరేషన్ పాడైందని ఊరంతా అనుకుంటూ ఉంటారు. ఆమెనే మీ అత్తమ్మ దగ్గర కూర్చోబెట్టి ఇప్పుడెట్లా కనబడుతోందో చెప్పించండి, నా రాతల కంటే అది బాగా పనిచేస్తుంది.

ఇప్పుడు బాధ సంగతి, మీ అత్తమ్మ అసలు భయం అదే కదా. ఆపరేషన్ జరిగేటప్పుడు నొప్పి ఉండదు. ఫేకో చాలాచోట్ల చుక్కల మందుతోనే చేస్తారు, అందులో కన్ను కదలకుండా వెలుగు కేసి చూస్తూ ఉండాలి. చెప్పినట్టు వినగలిగే మనిషికి అది బాగుంటుంది. భయపడేవాళ్ళకు, ముదిరిన శుక్లాలకు కంటి పక్కన మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. సూది గుచ్చినప్పుడు ఒక నిమిషం ఒత్తినట్టు, బరువుగా ఉంటుంది. ఆ తర్వాత ఏమీ తెలియదు. మీ అత్తమ్మకు ఇంజెక్షనే మేలు. బల్ల మీద ఆమె తల తిప్పుకుంటే ఎంత మంచి డాక్టరైనా ఏమీ చేయలేడు.

నెల రోజుల గరగర వేరే కథ. ఎస్ఐసీఎస్‌లో తెల్లగుడ్డు మీది పలుచటి పొరను కోసి పక్కకు తీస్తారు, రక్తం కారకుండా కాలుస్తారు. అది అతుక్కునే దాకా కన్ను ఎర్రగా ఉంటుంది, రెప్ప ఆడినప్పుడల్లా గీరుకున్నట్టు ఉంటుంది. ఫేకోలో ఆ బాధ తక్కువ. అయితే కార్నియా మన ఒంట్లో నరాలు అతి దట్టంగా ఉండే చోట్లలో ఒకటి. ఎక్కడ కోసినా కొన్ని నరాలు తెగుతాయి. నరం తెగితే ‘కన్ను ఆరిపోతోంది, తడి కావాలి’ అనే కబురు సరిగ్గా అందదు. కన్ను ఎండుతుంది. ఎండిన కంటికే మంట, గరగర, విచిత్రంగా నీళ్ళు కారడం కూడా. ఇది ఏ పద్ధతిలోనైనా వస్తుంది, మామూలుగా మొదటి నెలలో ఎక్కువగా ఉండి మూడు నెలలకు సర్దుకుంటుంది. ఆపరేషన్‌కు ముందే కన్ను పొడిగా ఉన్నవాళ్ళకు, షుగర్ ఉన్నవాళ్ళకు ఇది ఎక్కువ. దానికి తోడు రోజుకు ఆరుసార్లు వేసే చుక్కల మందుల్లో పాడవకుండా కలిపే రసాయనం కూడా కార్నియా పైపొరను చికాకు పెడుతుంది. ఆరేండ్ల కింద ఎవరైనా ఇదంతా ఆమెకు ముందే చెప్పి ఉంటే అంత బెదిరిపోయేది కాదేమో. క్యాంపుల్లో ఒక రోజుకు పదుల మందిని చూస్తారు, మాట్లాడే తీరిక దొరకదు. వాళ్ళను తప్పుపట్టడం లేదు, ఇదే చోట నేనూ చాలాసార్లు తప్పాను. చూపు వచ్చింది కదా, గరగరదేముంది అనుకునేవాడిని.

ఈసారి ముందే పని మొదలుపెట్టండి. కన్ను తడి పరీక్ష చేయమనండి. పొడిగా ఉందంటే ఆపరేషన్‌కు రెండు మూడు వారాల ముందు నుంచే కృత్రిమ కన్నీళ్ళ చుక్కలు ఇస్తారు, రసాయనం లేని రకం కావాలని అడగండి. ఇంట్లో ఇంకా కట్టెల పొయ్యి ఉంటే ఆమెను దాని దగ్గరికి పోనివ్వకండి. రొట్టెలు ఒక నెల మీరే చేయండి. షుగర్ అదుపులో లేకపోతే డాక్టర్లే తేదీ మారుస్తారు, అందుకు చిరాకుపడొద్దు.

ఆపరేషన్ అయ్యాక చుక్కల మందు నాలుగు నుంచి ఆరు వారాలు ఉంటుంది, మెల్లగా తగ్గిస్తారు. అందులో స్టెరాయిడ్ ఉంటుంది కాబట్టి బాగుంది కదా అని మధ్యలో ఆపకూడదు, అయిపోయాక మెడికల్ షాపులో మళ్ళీ కొని వేయనూ కూడదు. అలా వేస్తూ పోతే కంట్లో ప్రెషర్ పెరుగుతుంది. గరగరగా ఉందని ఆముదం, తల్లిపాలు, నందివర్ధనం రసం పోసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ఎవరినీ దగ్గరికి రానివ్వకండి. తలకు పోసుకోవడం డాక్టర్ సరేననే దాకా వద్దు, మెడ కింది నుంచి పోసుకోవచ్చు. వంకాయ, గోంగూర తింటే చీము పడుతుందన్న మాటలో నిజం లేదు, ఆమెకు ఇష్టమైతే పెట్టండి.

ఒక్క విషయం దగ్గర మాత్రం టెన్షన్ పడాల్సిందే. గరగర రోజురోజుకూ తగ్గుతూ పోవాలి. ఆపరేషన్ అయ్యాక ఎప్పుడైనా, ముఖ్యంగా మొదటి వారంలో, నొప్పి తిరిగి పెరిగినా, ఎరుపు ఎక్కువైనా, వచ్చిన చూపు మళ్ళీ మసకబారినా, పుసి కారినా తెల్లారే దాకా ఆగొద్దు. అది కంటి లోపల ఇన్‌ఫెక్షన్ కావచ్చు. గంటలు కూడా లెక్కకు వస్తాయి. రాత్రి బండి మాట్లాడుకుని అయినా ఆపరేషన్ చేసిన చోటికి వెళ్ళండి, ముందు ఫోన్ చేయండి.

పత్తి అయ్యేదాకా ఆగొచ్చా అన్నారు. వద్దు. ‘శుక్లం ముదిరితేనే తీయాలి’ అన్నది, తీసిన శుక్లం స్థానంలో కంటి లోపల లెన్స్ పెట్టని రోజుల మాట. అప్పుడు శుక్లం తీసేస్తే సోడాబుడ్డి అద్దాలు తప్పేవి కావు, అందుకే రెండో దారి లేని దాకా ఆగమనేవాళ్ళు. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ కంట్లో మొదటి లెన్స్ పెట్టాడు. తర్వాత కొన్ని దశాబ్దాలకు అది మన జిల్లాల దాకా వచ్చింది, పాత మాట మాత్రం పోలేదు. ఇప్పుడు ఆగిన ప్రతి నెలా శుక్లం ఇంకా గట్టిపడుతుంది, ఆ మోటర్లకు తగిలే దెబ్బ పెరుగుతుంది. మరీ ముదిరిన శుక్లం ఉబ్బి గానీ కారి గానీ కంట్లో ప్రెషర్ పెంచిందంటే తల పగిలే నొప్పితో అర్ధరాత్రి పరుగెత్తాల్సి వస్తుంది. అప్పుడు చేసే ఆపరేషన్‌తో, ఇప్పుడు చేయిస్తే వచ్చేంత చూపు రాకపోవచ్చు. ఈసారి పత్తి కూలీల లెక్కలోంచి అత్తమ్మను తీసేయండి. ఆపరేషన్ తర్వాత కూడా ఆరు వారాలు చేనులోకి వద్దు, పత్తి నూగు, దుమ్ము ఆ కంటికి పడవు. దసరా ముందే చేయించగలిగితే ఆఖరి విడత ఏరే రోజులకు, డాక్టర్ సరేనంటే, నల్లద్దాలు పెట్టుకుని మీ వెంట రావచ్చు.